పద్నాలుగో మెట్టు

ఒక చేత్తో పాలగిన్నె, ఇంకో చేత్తో గోడ పట్టుకుని ధన్య వంటింట్లోకి దిగుతోంది. మెట్లు లెక్కపెట్టాల్సిన పనిలేదు, కాళ్ళకే తెలుసు. ఆరో మెట్టు అంచు విరిగింది, అక్కడ మడమ పెట్టకూడదు. తొమ్మిదో మెట్టు దగ్గర ఫోనులో సిగ్నలు చచ్చిపోతుంది. పదకొండో మెట్టు దగ్గర తల వంచాలి. పదమూడోది దిగితే వంటిల్లు.

రాబర్ట్‌సన్‌పేట బజారులో అశ్వత్థప్ప ధాన్యం అంగడి, అంగడి వెనకే ఇల్లు. ఇల్లంతా రోడ్డుకు సమంగా ఉంటుంది, వంటిల్లు ఒక్కటే కిందికి పోయింది. బంగారు గనులు నడిచిన రోజుల్లో భూమి లోపల ఏర్‌బ్లాస్ట్ అయి బండలు పగిలితే పైన అటక మీది గిన్నెలు గలగలమనేవి. గనులు మూసేశాక ఆ చప్పుడు పోయింది. దానికి బదులు వంటిళ్ళు దిగడం మొదలైంది. కొత్త మిషను ఏది తెచ్చి మొదటిసారి తిప్పినా వంటిల్లు ఒక మెట్టో రెండు మెట్లో దిగుతుంది. మరునాడు మేస్త్రీ ఓబలప్ప వచ్చి దిగినంత మేరకు మెట్లు కట్టి, కాఫీ తాగి పోతాడు. పేటలో ఈ సంగతి ఎవరికీ వింత కాదు. కొళాయి నీళ్ళ గురించి మాట్లాడుకున్నంత కూడా దీని గురించి మాట్లాడుకోరు.

మిక్సీకి ఒక మెట్టు, గ్రైండరుకు రెండు, ఫ్రిజ్జుకు రెండు. ఈ అయిదూ అత్త విశాలమ్మ కాలంలోవి. ధన్య కాపురానికి వచ్చిన తొమ్మిదేళ్ళలో ఇంకో ఎనిమిది దిగింది. ఓవెను, నీళ్ళ ఫిల్టరు, చపాతీల మిషను, గిన్నెలు కడిగే మిషను, ఒక్కోటీ ‘కోడలికి కష్టం తగ్గల్ల’ అనే కొన్నారు. కష్టం సంగతేమో గాని, కోడలు మాత్రం అర్ధడుగు చొప్పున తగ్గుతూ వచ్చింది.

వంటింటికి ఉన్నది ఒకటే కిటికీ, పక్క సందులోకి. విశాలమ్మ కొత్తకోడలుగా ఉన్నప్పుడు అందులోంచి సందులో పోయేవాళ్ళ ముఖాలు కనబడేవి. షిఫ్టు దిగి వచ్చే మనుషుల్ని పేరుపెట్టి పలకరించేది. ధన్య వచ్చేసరికి నడుములు కనబడేవి. తర్వాత మోకాళ్ళు, తర్వాత చెప్పులు. ఇప్పుడు కిటికీ పైభాగాన నాలుగు వేళ్ళ మందం సందు మిగిలింది. స్టవ్వు ముందు నిలబడి మెడ వెనక్కి వాల్చితే ఆ సందులోంచి ఇంత ఆకాశం. పుట్టిన ఊరు టేకల్‌లో, చేనుగట్టు మీద నిలబడితే నాలుగు దిక్కులా నేలదాకా దిగే ఆకాశం కింద పెరిగిన పిల్ల ధన్య. ఇప్పుడు నాలుగు వేళ్ళతో సరిపెట్టుకుంటోంది. పొద్దున పాలు పొంగేలోపల ఒకసారి, మధ్యాహ్నం అన్నం వార్చేటప్పుడు ఒకసారి, సాయంత్రం టీకి ఒకసారి చూసుకుంటుంది. మందు వేసుకున్నట్టు రోజుకు మూడుపూటలు.

ఇంకో అరమెట్టు దిగితే అది కూడా మట్టే. ఆ లెక్క ఇంట్లో అందరికీ తెలుసు. తెలిసినా ఎవరికీ పట్టలేదు, అదే ఆశ్చర్యం.

“ధన్యా!” పైనుంచి చందన్ గొంతు. “రేపటినుంచి నాకు ఇడ్లీ వద్దు. స్మూతీ చాలు.”

ధన్య టిఫిను పట్టుకుని పైకి వచ్చింది. మొగుడు అద్దం ముందు పక్కకు తిరిగి పొట్ట లోపలికి బిగబట్టి చూసుకుంటున్నాడు. రోజూ ఆరున్నర రైలుకు బెంగుళూరు పోయి, రాత్రికి తిరిగొచ్చే మనిషి. రైల్లో కూచునే చోటు దొరికితే వీడియోలు చూస్తాడు, దొరక్కపోతే నిలబడి చూస్తాడు.

“స్మూతీ అంటే ఏంది?”

“పాలకూర, క్యారెట్టు, అరటిపండు, ఐసు, అన్నీ వేసి నున్నగా తిప్పి తాగేది.”

“మిక్సీ ఉండాది కదా, తిప్పి ఇస్తాను.”

“మిక్సీలో తిప్పితే అది చట్నీ. దీనికి బ్లెండరు కావల్ల.”

ధన్య ప్లేటు బల్ల మీద పెట్టింది. “ఇంగొకటి వస్తే కిటికీ మూసుకుపోతుంది.”

మంచం మీదనుంచి విశాలమ్మ అందుకుంది. మోకాళ్ళు పోయినప్పటినుంచి, అంటే ఆరేళ్ళుగా, ఆవిడ హాల్లో మంచం మీదే ఉంటుంది, వంటింట్లోకి దిగలేదు. “కిటికీ కిటికీ అంటావు, వంట చేసేదానికి కిటికీతో ఏం పని? కూరలో వేస్తావా? లైటు వేసుకో. కరెంటుకేమన్నా కరువా?”

“మీ కాలంలో మీకు ముఖాలు కనబడేవి అత్తా.”

“కనబడి ఏం ఒరిగింది? ఆ ముఖాలు ఇప్పుడు యాడుండాయో!”

మామ అశ్వత్థప్ప అంగడి తలుపు తీస్తూ తీర్పు చెప్పాడు. “ఊరికే మాటలెందుకు? నువ్వే పోయి నీకు నచ్చింది తీసుకురామ్మా. నీ వంటిల్లు, నీ ఇష్టం.”

ఆ ఇంట్లో ధన్య ఇష్టానికి విలువ వచ్చేది ఇట్లాంటప్పుడే. ఏ కత్తితో కోసుకోవాలో ఎంచుకోమంటారు, కోసుకోవాలా వద్దా అని మాత్రం అడగరు.

జయరాం అంగడి బజారు చివర. మిక్సీలు, కుక్కర్లు, ఫ్యాన్లు నేలనుంచి కప్పుదాకా పేర్చి ఉంటాయి. ఆయనకు పేటలో ప్రతి వంటింటి లోతూ కంఠతా వచ్చు.

“రామ్మా, రా. మీది పదమూడు కదా? ఏం కావల్ల?”

“స్మూతీ చేసేది, జయరామన్నా.”

“ఓహో, మీ ఇంటికీ వచ్చిందా ఆ జబ్బు! ఈ నెల్లో నువ్వు అయిదోదానివి. పోయిన వారం బచ్చప్ప ఇంటికి ఒకటి ఇచ్చినాను, నాలుగు దినాలు తాగినాడంట, అయిదోదినం పొద్దున్నే పూరీలు!” నవ్వుతూనే మూడు అట్టపెట్టెలు దించాడు. “ఇదో, గాజు జగ్గుది, పన్నెండొందల వాట్లు. రాయి వేసినా పిండి చేస్తుంది. రెండు మెట్లు. ఇది ఏడొందలయాభై, ఒకటి. ఇది చిన్నది, గ్లాసులోనే తిప్పి గ్లాసులోనే తాగేది. అరమెట్టు.”

“అరమెట్టు కూడా వద్దన్నా. దిగనిది ఏమన్నా ఉండాదా?”

జయరాం ఆమె ముఖం చూసి నవ్వు ఆపాడు. పెద్ద అంగడి నడిపేవాడు, ఎవరు బేరం కోసం అడుగుతున్నారో ఎవరు ప్రాణం కోసం అడుగుతున్నారో తెలుసు. “కిటికీ ఎంత మిగిలింది?”

ధన్య నాలుగు వేళ్ళు చూపించింది.

ఆయన లోపలికి పోయి, చేతిలో పట్టేంత పెట్టె ఒకటి తెచ్చాడు. “దీనికి వైరు లేదు. ఫోను మాదిరి ఛార్జింగు పెట్టి తిప్పుకునేది. గోడకు తగిలించే పని లేదు కాబట్టి దిగదనే నా లెక్క. అండర్సన్‌పేటలో ఒకరికి ఇచ్చినాను, వెంట్రుకవాసి దిగలేదంట. కానీ ముందే చెప్తా ఉండాను, మెత్తటి పండ్లకే. ఐసు వేస్తే ఏడుస్తుంది.”

“ఏడవనీ. నా బదులు అది ఏడుస్తుంది.”

దాన్ని ఒళ్ళో పెట్టుకుని ధన్య ఆటోలో వచ్చింది. గనుల్లోంచి తెచ్చి పోసిన సైనైడు మట్టి దిబ్బ మీదనుంచి తెల్లటి దుమ్ము లేస్తోంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తొమ్మిదేళ్ళలో మొదటిసారి తనే చూసి, తనే అడిగి, తనే ఎంచుకున్న వస్తువును చూసుకుంది. నీలం రంగు మూత. అరచేతిలో కోడిపిల్లంత బరువు.

మరునాడు చందన్ దాంట్లో క్యారెట్టు వేశాడు, ఐసు వేశాడు, ఒక చెంచా బాదంపప్పులు వేశాడు. అది రెండుసార్లు గుర్రుమని ఆగిపోయింది.

“ఏం తెచ్చినావు ఇది? పిల్లకాయలు ఆడుకునేదా?”

“దిగలేదు చూడండి. ఒక నూలుపోగంత కూడా దిగలేదు.”

“దిగేది దిగనిది కాదు ధన్యా, తిరిగేది తిరగనిది చూడల్ల! వీడియోలో స్పష్టంగా చెప్పినాడు, వెయ్యి వాట్లకి తక్కువైతే పీచు అట్లే ఉంటుందని.”

“క్యారెట్టు నేను ముందే ఉడకబెట్టి ఇస్తాను. బాదం నానబెట్టి ఇస్తాను. ఐసు రోట్లో దంచి ఇస్తాను.”

“అంత కష్టం నీకెందుకనే కదా మిషను కొనేది!”

శనివారం చందన్ తనే పోయి చిన్నదాన్ని వాపసు ఇచ్చి గాజు జగ్గుది తెచ్చాడు. పన్నెండొందల వాట్లు, నల్లటి ఒళ్ళు, గుండ్రటి పెద్ద మీట. హాల్లో బల్ల మీద పెడితే దేవుడి పటాలు చిన్నబోయాయి. విశాలమ్మ మంచం మీదనుంచే దానికి కుంకుమ బొట్టు పెట్టించి, శుక్రవారం పొద్దున ప్రారంభం అని నిర్ణయించింది.

ఆ వారమంతా ధన్య ఆకాశాన్ని అయిదుపూటలా చూసింది. ఒకసారి మేఘం పోయింది, ఒకసారి గాలిపటం తోక పోయింది. బుధవారం మధ్యాహ్నం పొరుగింటి చిన్నక్క ఈ వంటింటి కప్పు మీద ఎండుమిరపకాయలు ఆరబోస్తూ, సందులో వంగి ఆ నాలుగు వేళ్ళలోకి కన్ను పెట్టింది. అంత దిగిన వంటింటి కప్పు సందులోవాళ్ళకు నడుమెత్తు అరుగు.

“ఏం ధన్యా, శుక్రవారం దిగుతారంట?”

“దిగుతాం చిన్నక్కా.”

“మంచిదే. మిరపకాయలు పోసేదానికి కప్పెక్కడం నాకు సులువవుతుంది.” ఆ మాట అన్నాక చిన్నక్కకే బాగనిపించలేదేమో, రెండు మిరపకాయలు సందులోంచి లోపలికి జారవిడిచింది. “చట్నీకి వేసుకో తల్లీ,” అని కన్ను తీసేసింది.

శుక్రవారం తెల్లవారింది. చందన్ బూట్లు వేసుకుని మెట్ల పైన నిలబడ్డాడు, చేతిలో ఫోను. క్యారెట్టు, పాలకూర ధన్య రాత్రే తరిగి కింద పెట్టింది, ఐసు ఫ్రిజ్జులో పెట్టింది, మిషను కూడా కింద గట్టు మీద పెట్టింది. చేయాల్సింది మీట తిప్పడం ఒక్కటే. మొదటిరోజు మీట తిప్పడంలో ఒక ఒడుపుంది. చిటికె వేసినంత సేపే తిప్పి ఆపేయాలి. అప్పుడే అంగడిలో చెప్పిన మెట్ల దగ్గర ఆగుతుంది. తిరుగుతూ ఉన్నంత సేపూ దిగుతూనే ఉంటుంది. వంటిళ్ళల్లో ఉండే ఆడవాళ్ళందరికీ తెలిసిన సంగతే ఇది. పైన ఉండేవాళ్ళకు తెలియాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు, పైకి వచ్చేసినవాళ్ళు మరిచిపోతారు.

“పో ధన్యా, టైమవుతా ఉండాది.”

ధన్య మొదటి మెట్టు దగ్గర నిలబడింది. కాలు దించబోయింది. కాలు దిగలేదు.

“నేను తిప్పను.”

“ఏంది?”

“నేను తిప్పనన్నాను. నా కిటికీని నా చేత్తోనే పూడ్చుకోమంటే ఎట్లా? కావల్సినోళ్ళు పోయి తిప్పుకోండి.”

అంగడి గడపలోంచి అశ్వత్థప్ప తొంగిచూశాడు. చందన్ బూట్ల వంక చూసుకున్నాడు, గడియారం వంక చూసుకున్నాడు. “నేనిప్పుడు బూట్లు విప్పి... రైలు పోతుందే!”

“పోనీండి. ఇంగొకటి వస్తుంది. ఆకాశం రాదు.”

మంచం కిర్రుమంది. విశాలమ్మ లేచి కూచుంది. “ఓహో! తొమ్మిదేళ్ళకు నోరొచ్చింది. నేను బ్రతికుండగా నా కొడుకు ఒక గ్లాసుడు రసానికి నీ కాళ్ళు పట్టుకోవల్లనా? తప్పుకో. వెయ్యి వంటలు చేసినాను అందులో, ఒక మీట తిప్పలేనా?”

“వద్దత్తా, మోకాళ్ళు...”

“నా మోకాళ్ళు నా ఇష్టం.”

ఆవిడ గోడ పట్టుకుని, ఒక్కో మెట్టు మీదా కూచుంటూ, జరుగుతూ, దేవుళ్ళనూ కోడలినీ ఒకే గొంతుతో పిలుస్తూ పదమూడు మెట్లు దిగింది. పది నిమిషాలు పట్టింది. అంతసేపూ ఎవరూ కదల్లేదు.

“జగ్గులో అన్నీ వేసినాను,” కిందనుంచి అరిచింది. “ఎంతసేపు తిప్పల్ల?”

చందన్ ఫోను చూసి, ఉన్నదున్నట్టు చదివాడు. “రెండు నిమిషాలమ్మా! నురుగు రావల్ల!”

మీట తిరిగింది. రాయి వేసినా పిండి చేసే మిషను అది. దాని గర్జనకు హాల్లో పటాలు వణికాయి. వంటిల్లు ఒక మెట్టు దిగింది. రెండు మెట్లు దిగింది. ఆగలేదు.

“ఆపండత్తా!” అని ధన్య అరిచింది.

ఒక్కసారే అరిచింది. మిషను చప్పుడులో ఆ అరుపు కిందికి చేరలేదని తెలుసు. రెండోసారి అరవలేదు. ఎందుకు అరవలేదో ఆమెకూ దేవుడికీ తెలుసు, ఇద్దరూ ఎవరికీ చెప్పలేదు.

చప్పుడు ఆగేసరికి పదమూడో మెట్టు కింద చీకటి. లైటు వైరు తెగిపోయింది. ఆ చీకట్లోంచి, చాలా కిందనుంచి విశాలమ్మ గొంతు వచ్చింది. అది ఇంతకుముందు ఆ ఇంట్లో ఎవరూ వినని గొంతు, చిన్నపిల్ల గొంతు.

“చందూ... కిటికీ యాడ పోయిందిరా?”

చందన్ పదమూడో మెట్టుదాకా దిగి ఆగిపోయాడు. ఆ కింద రొమ్మెత్తు గోతి. దూకితే దిగొచ్చు, మోకాళ్ళు పోయిన మనిషిని ఎక్కించడం కుదరదు. ఫోను లైటు వేసి చూపించాడు. తల్లి గట్టు పట్టుకుని నిలబడి ఉంది. కిటికీ చట్రం నిండా ఎర్రమట్టి, మట్టిలో తెగిన వేరు ఒకటి.

“భయపడవద్దమ్మా. ఓబలప్పను పిలిపిస్తాను. స్వల్ప ఓర్చుకో.”

“ఎంతసేపురా?”

“గంట. గంటలో వస్తాడు.”

“గంటా!” ఆవిడ పైకి చేతులు చాచింది. “ధన్యా, ధన్యా! నువ్వు దిగి రావే. ఒక్కదాన్నే ఉండలేను. ఊపిరాడలేదు ఈడ.”

ధన్య మెట్ల మీద కూచుంది. దిగితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఓబలప్ప ఏడు మెట్లు కడతాడు, అత్తను పైకి తెస్తారు, తను అక్కడే ఉంటుంది. మొత్తం ఇరవై. ఇరవై మెట్ల కింద, మట్టి కిటికీ ముందు, చచ్చేదాకా.

“నేను దిగితే ఇద్దరం అక్కడే ఉంటాం అత్తా. నేను రాను.” కొంగు ఒళ్ళోకి లాక్కుని మెట్టు మీద సర్దుకుంది. “ఈడనే కూచుంటాను. మాట్లాడతా ఉంటాను. మీకు కిటికీలో కనబడేవాళ్ళు కదా, వాళ్ళ పేర్లు చెప్పండి.”

చీకట్లోంచి, “సీనప్ప అని ఒకడు,” అంది విశాలమ్మ. “షిఫ్టు దిగి వచ్చేటోడు. ముఖమంతా నల్లగా, పండ్లు మాత్రం తెల్లగా. ‘అక్కా, పులుసు వాసన సందు చివరిదాకా వస్తా ఉండాది’ అనేటోడు. ఒక గిన్నెలో పోసి కిటికీ ఊచల్లోంచి ఇచ్చేదాన్ని. మీ మామకు తెలీదు.”

అంగడి గడపలో అశ్వత్థప్ప దగ్గాడు.

అట్లా గంటసేపు ఆవిడ పేర్లు చెప్పింది, కోడలు ఊఁ కొట్టింది. ఆరున్నర రైలు పోయింది. ఓబలప్ప సిమెంటు తట్టతో వచ్చి, కిందికి ఒక చూపు చూసి, తట్ట పక్కన పెట్టాడు. గనులు మూసేదాకా లోపల పని చేసినవాడు.

“మెట్లు కట్టేది పొట్టకోసం నేర్చుకున్నాను అప్పా. మనిషిని పైకి తెచ్చేదే నా అసలు పని. తాడు తెండి, బియ్యం మూటల గోనె నాలుగు తెండి.”

గోనెలు మడిచి ఉట్టిలాగా కట్టాడు. చందన్ టై విప్పి పక్కన పడేశాడు. అశ్వత్థప్ప, చందన్, ధన్య, ఓబలప్ప, నలుగురూ తాడు పట్టారు. విశాలమ్మ మెల్లగా వెలుతుర్లోకి వచ్చింది. చీర నిండా పచ్చటి మరకలు. కుడిచేతిలో గ్లాసు, నిండుగా, ఒక్క చుక్క ఒలకలేదు.

“తాగరా,” అంది కొడుకుతో.

చందన్ గ్లాసు అందుకోలేదు, తల అడ్డంగా ఊపాడు. ఆవిడే ఒక గుక్క తాగి ముఖం చిట్లించింది. “గొడ్డు కుడితి. దీనికా నేను దిగింది?” అని గ్లాసు కింద పెట్టేసింది.

ఓబలప్ప చేతులు దులుపుకున్నాడు. “ఏడు మెట్లు పడతాయి. సాయంత్రానికి కట్టేస్తాను.”

“కట్టు,” అన్నాడు అశ్వత్థప్ప, అలవాటుగా.

“కట్టి?” విశాలమ్మ మంచం మీద కూలబడుతూ అడిగింది. “కట్టి ఎవుర్ని దించుతావు? నేను దిగను. దాన్ని దిగమని నేను చెప్పను. చెప్పేవాళ్ళు మీలో ఎవురన్నా ఉంటే చెప్పండి. కానీ దాని ముఖం చూసి చెప్పండి.”

అశ్వత్థప్ప ధన్య వైపు తిరిగాడు. ఆమె ముఖం చూడటం ఆయనకు కొత్త. తొమ్మిదేళ్ళుగా మెట్లలోంచి పైకి వచ్చే చేతుల్నీ పళ్ళాల్నీ చూశాడు. అంగడిలోకి వెళ్ళిపోయాడు. చందన్ ఫోను వైపు చూడబోయాడు, జేబులో పెట్టేసుకున్నాడు. ఓబలప్ప కాసేపు ఆగి చూశాడు. ఎవరూ ఏమీ అనకపోతే, కలపని సిమెంటు తట్ట ఎత్తుకుని, ఆ రోజు కాఫీ అడగకుండా పోయాడు.

మెట్ల నోటికి ఆదివారం పలకలు కొట్టించారు. మిషన్లన్నీ కిందే ఉండిపోయాయి. పక్క సందులో వంటింటి కప్పు నేలకు సమమైంది.

స్టవ్వు హాల్లోకి వచ్చింది, అంగడి తలుపు పక్కకు. తాలింపు ఘాటుకు గిరాకీలు దగ్గుతారని అశ్వత్థప్ప సణిగాడు. “ఆ వాసనకే వస్తారు లే,” అంది విశాలమ్మ మంచం మీదనుంచి చింతపండు పిసుకుతూ. సోమవారం చందన్ తన ఇడ్లీలు తనే వడ్డించుకుని, ప్లేటు కడిగిపెట్టి రైలుకు పోయాడు.

తొమ్మిది గంటలకు ఆ తలుపులోంచి ఎండ వచ్చింది. ఆ ఇంట్లోకి తొమ్మిదింటికి ఎండ వస్తుందని ధన్యకు తెలియదు. ముందు పాదాల మీద పడింది, తర్వాత మోకాళ్ళ మీద, తర్వాత ఒళ్ళోకి ఎక్కింది. ధన్య కదలకుండా కూచుంది.

“పప్పు మాడుతా ఉండాదే,” అంది విశాలమ్మ.

“మాడనీండి అత్తా,” అంది ధన్య.

విశాలమ్మ కూడా తలుపు వైపు తిరిగింది. పప్పు మాడింది.